ఎగిరే కెమేరా ఎందుకు వణుకుతుంది?

పిల్లలూ! ఈ రోజుల్లో పెళ్ళి జరిగినా, రథోత్సవం జరిగినా, జనం తలల మీదుగా జుమ్మని ఎగిరే ఒక చిన్న యంత్రాన్ని మీరు చూచే ఉంటారు. నాలుగు చేతులు, చేతికొక పంకా, పొట్ట కింద ఒక కన్ను. దాన్ని డ్రోన్ అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు మగ తేనెటీగ అని అర్థం. ఆ మోత విన్నవారెవరూ ఆ పేరు తగదనరు.

ఆ యంత్రం గాలిలో కుదురుగా ఉంటుందా? ఉండదు. గాలి వీస్తే పక్కకు ఒరుగుతుంది. ముందుకు పోవాలంటే ముక్కు కిందికి వంచుతుంది. ఆగాలంటే తల పైకెత్తుతుంది. దాని నాలుగు పంకాలూ నిముషానికి వేల చుట్లు తిరుగుతూ దాని ఒళ్ళంతా అదరగొడుతూ ఉంటాయి. అయినా అది తీసిన బొమ్మ చూడండి! గోపురం నిటారుగా ఉంటుంది, చెరువు గట్టు తిన్నగా ఉంటుంది. కొండ మీద బల్ల వేసుకుని కూర్చుని తీసినట్టే ఉంటుంది. ఇది ఎట్లా సాధ్యమయింది? ఒక్కొక్కప్పుడు మాత్రం అట్లా రాక, బొమ్మంతా జున్నుముక్కలాగా ఎందుకు వణుకుతుంది? లేకపోతే గీతలు గీతలుగా ఎందుకు చెడిపోతుంది?

బొమ్మ వణికితే ఏం మునిగిందని అనుకోకండి. మాంగల్యధారణ ఒక్కసారే జరుగుతుంది. ఫోటోగ్రాఫరు బొమ్మ చెడిందని పెళ్ళికొడుకు చేత మళ్ళీ తాళి కట్టించడం కుదరదు. అంతకన్న పెద్ద సంగతి ఒకటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు నీట మునిగినప్పుడు, పడవలు పోలేని సందుల్లోకి డ్రోన్లు అన్నం పొట్లాలు, మందులు మోసుకుపోయాయి. అటువంటి వేళ కింద మేడ మీద కనిపించేది చెయ్యి ఊపుతున్న మనిషా, గాలికి ఊగుతున్న దుప్పటా అన్నది బొమ్మలో తెలియాలి. తెలియకపోతే ఆ కన్ను ఉన్నా లేనట్టే.

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేద్దాం. ఇప్పుడు చదువుతున్న ఈ పత్రికను కదలకుండా పట్టుకుని, మీ తలను ‘కాదు, కాదు’ అన్నట్టు అటూ ఇటూ తిప్పండి. అక్షరాలు కనిపిస్తున్నాయా? చక్కగా కనిపిస్తాయి. ఇప్పుడు తల కదపకుండా, అంతే జోరుగా పత్రికను అటూ ఇటూ ఊపండి. అక్షరాలు అలుక్కుపోయాయి గదా! రెండుసార్లూ కదలిక ఒక్కటే. మరి ఈ తేడా ఎక్కడిది?

రహస్యం మీ చెవిలో ఉంది. చెవి వినడానికే అని మనం అనుకుంటాం గాని, దాని లోపలి భాగంలో మూడు సన్నని అర్ధవలయాల వంటి గొట్టాలున్నాయి. వాటిలో ద్రవం ఉంటుంది. మీరు తల తిప్పగానే ఆ ద్రవం వెనకబడుతుంది. ఆ వార్త నరాల వెంట క్షణంలో కంటి కండరాలకు పోతుంది. తల కుడికి తిరిగినంత మేరా కళ్ళు ఎడమకు తిరుగుతాయి. మీరు ఆజ్ఞ ఇవ్వనక్కరలేదు. అందుచేత చూపు చూచిన చోటనే నిలుస్తుంది. పత్రికే కదిలితే ఆ వార్త చెవికి అందదు. కన్ను తనంత తానుగా వెంటాడవలసి వస్తుంది, వెంటాడి ఓడిపోతుంది.

ఇంట్లో కోడి ఉన్నవారు దాన్ని నెమ్మదిగా రెండు చేతులతో ఎత్తి, దాని ఒంటిని కొద్దిగా పైకీ కిందికీ, పక్కకూ కదపండి. ఒళ్ళు కదిలినా తల మాత్రం గాలిలో మేకు కొట్టినట్టు నిలిచిపోతుంది. కోడిని బెదరగొట్టకూడదు సుమా!

మూడు గొట్టాలు ఎందుకన్నారా? తలను మూడు విధాలుగా తిప్పవచ్చు గనుక. ‘ఔను’ అనడానికి పైకీ కిందికీ ఆడిస్తాం. ‘కాదు’ అనడానికి అటూ ఇటూ తిప్పుతాం. ఇక మూడవది మనవాళ్ళ సొంత విద్య: ‘సరే, సరే, చూద్దాం’ అన్నట్టు భుజాల వైపు ఒరిగించే పద్ధతి. ఎంత పెద్ద విమానమైనా తిరిగేది ఈ మూడు విధాలే. నాలుగోది లేదు.

డ్రోన్ కెమేరాను పట్టుకుని ఉండే అమరికను ‘గింబల్’ అంటారు. అందులో మూడు చిన్న మోటార్లుంటాయి. ‘ఔను’కు ఒకటి, ‘కాదు’కు ఒకటి, ‘చూద్దాం’కు ఒకటి. వాటికి చెవి వంటిది కూడా ఒకటుంది. దాని పేరు జైరోస్కోపు. చిటికెన వేలి గోటి కన్న చిన్నదైన ఆ బిళ్ళలో కంటికి కనిపించనంత చిన్న తూకం ఒకటి ఎప్పుడూ అటూ ఇటూ ఆడుతూ ఉంటుంది. బిళ్ళ తిరిగితే ఆ ఆట దారి తప్పుతుంది. ఎంత తప్పిందో కొలిచి, ‘ఇంత వేగంతో ఇటు తిరిగాము’ అని అది చెబుతుంది. వెంటనే మోటారు అంత మేరా ఎదురు తిరుగుతుంది. ఈ కొలవడం, సరిదిద్దడం ఒక్క సెకనులో వందల సార్లు, మంచి గింబల్‌లో వేయి సార్లకు పైగా జరుగుతుంది.

గింబల్ అన్న ఊహ మాత్రం కొత్తది కాదు. క్రీ.శ. 180 ప్రాంతంలో చైనాలో డింగ్ హువాన్ అనే పనివాడు ఒకదానిలో ఒకటి తిరిగే వలయాల మధ్య ధూపపు గిన్నెను వేలాడదీశాడు. పరుపు మీద దొర్లించినా గిన్నెలోని నిప్పు ఒలికేది కాదట. 16వ శతాబ్దంలో ఇటలీ దేశపు గణితవేత్త కార్డానో ఇటువంటి వలయాలను గురించి వ్రాశాడు. ఓడలలో దిక్సూచిని ఇట్లాగే వేలాడదీసేవారు. ఓడ ఎంత ఊగినా ముల్లు బల్లపరుపుగా ఉండేది. మీరు కూడా అట్టతో చిన్నా పెద్దా వలయాలు రెండు కత్తిరించి, మధ్య ఒక సీసా మూత వేలాడదీసి, గుండుసూదులు ఇరుసులుగా గుచ్చి దీన్ని చేయవచ్చు. మూత కింద కాస్త మైనం అంటిస్తే మంచిది.

అయితే ఆ వలయాలు డ్రోన్‌కు ఎందుకు చాలవు? వాటిని నిలబెట్టేది భూమి ఆకర్షణ ఒక్కటే. బస్సు డ్రైవరు బ్రేకు వేసినప్పుడు పైన గొలుసుకు వేలాడే పిడి ఏమవుతుంది? ముందుకు ఊగుతుంది, ఆ తరువాత చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. డ్రోన్ క్షణానికొకసారి వేగం మార్చుకుంటుంది. వట్టి వలయాల్లో వేలాడే కెమేరా కూడా ఆ పిడి లాగే ఊగుతుంది. అందుకే మోటార్లు కావలసి వచ్చాయి.

మోటారు గింబల్ రాకముందు ఈ పని ఎంత కష్టమో తెలియజెప్పే కథ ఒకటుంది. ఫ్రాన్సులో ఆల్బర్ట్ లామొరీస్ అనే ఆయన ఉండేవాడు. ఒక కుర్రవాడూ, వాడి వెంట పెంపుడు కుక్కలాగా తిరిగే ఎర్ర బెలూనూ — ఈ కథతో ఆయన తీసిన 1956 నాటి చిన్న సినిమా ప్రపంచమంతటా పిల్లలు చూచారు. దేశాలను ఆక్రమించుకుంటూ ఆడే ‘రిస్క్’ అనే బల్ల ఆట కూడా ఆయన కల్పించినదే. ఆయనకు ఆకాశం నుంచి సినిమా తీయాలని కోరిక. హెలికాప్టరు అదురు బొమ్మలో పడకుండా ‘హెలివిజన్’ అనే అమరిక ఒకటి తయారుచేసి, బెలూన్ ప్రయాణం మీద సినిమా తీశాడు. అది 1960లో వచ్చింది. చివరకు 1970లో ఇరాన్ దేశంలో కరాజ్ ఆనకట్ట దగ్గర హెలికాప్టరు నుంచి చిత్రం తీస్తూ, ఆ హెలికాప్టరు కూలి మరణించాడు. ఆయన వ్రాసిపెట్టుకున్న కాగితాల ఆధారంగా భార్యా, కుమారుడూ ఆ చిత్రాన్ని పూర్తిచేశారు. అటువంటి పని ఇప్పుడు మనిషి నేల మీద నిలబడే చేయగలుగుతున్నాడు. 2014లో చైనాకు చెందిన డి.జె.ఐ. కంపెనీ మూడు మోటార్ల గింబల్‌తో సహా కెమేరా అమర్చిన ‘ఫాంటమ్ 2 విజన్ ప్లస్’ అనే చిన్న డ్రోన్‌ను అమ్మకానికి పెట్టింది. ఆ తరువాత ఇటువంటివి ఊరూరా వచ్చాయి.

మూడు మోటార్లున్నాయి గదా, ఇంకా వణుకెందుకు? ఇక్కడే చాలామంది పెద్దవాళ్ళు కూడా పొరబడతారు. ఊపు వేరు, అదురు వేరు. డ్రోన్ ఒరగడం, లేవడం, తిరగడం — ఇవి ఊపులు. సెకనుకు ఒకటో, రెండో, ఐదో వస్తాయి. వీటిని పట్టడంలో గింబల్ మోటారు దిట్ట. అదురు అట్లా కాదు. అది సెకనుకు వంద, రెండు వందల సార్లు వస్తుంది. కెమేరాకు బరువుంది. మోటారు దాన్ని కదిలించేలోగానే అదురు అటు పోయి ఇటు వచ్చేసి ఉంటుంది. పైగా మోటారు తిప్పగలదే గాని, పైకీ కిందికీ జరపలేదు. అదురులో ఆ జరుగుడు కూడా ఉంటుంది. అదురు మరీ ఎక్కువైతే ఆ చిన్ని చెవికే భ్రమ పుట్టి, నేల ఎటున్నదో తెలియక కెమేరాను ఒక పక్కకు వాల్చి కూర్చుంటుంది.

ఈ అదురు ఎక్కడ పుడుతుందో చూద్దాం. మీ ఇంట్లో పంకా ఒక్కొక్కప్పుడు గిలగిల ఊగుతూ తిరుగుతుంది గదా! రెక్కల్లో ఒకటి వంగో, దాని మీద దుమ్ము ఎక్కువ పేరుకునో, బరువు ఒక పక్క ఎక్కువైందన్నమాట. ఇంటి పంకా నిముషానికి రెండు మూడు వందల చుట్లు తిరుగుతుంది. డ్రోన్ పంకా నిముషానికి 6,000 చుట్లు తిరుగుతుందనుకుందాం. 60తో భాగించండి. సెకనుకు 100 చుట్లు. రెక్క మీద, ఇరుసుకు 5 సెంటీమీటర్ల దూరంలో ఒక గ్రాములో పదో వంతు బరువు అదనంగా ఉందనుకోండి. అంటే నాలుగైదు బియ్యపు గింజలు. పెద్ద తరగతుల వారికి సూత్రం తెలుసు: బరువును దూరంతోనూ, తిరిగే వేగపు వర్గంతోనూ గుణించాలి. వేగానికి వర్గం ఉన్నది గనుక జవాబు చూచి ఆశ్చర్యపోతారు. ఆ నాలుగు గింజలు ఇరుసును దాదాపు 200 గ్రాముల బరువు వేలాడదీసినంత బలంతో లాగుతాయి. అదీ ఒక పక్కకు కాదు, సెకనుకు 100 సార్లు చుట్టూ తిరుగుతూ! రెక్క అంచు ఏ కొమ్మకో తగిలి గోరంత చెక్కు ఊడినా ఇంత పనీ జరుగుతుంది.

ఇక కెమేరా సంగతి. నేటి కెమేరాలు బొమ్మను ఒక్కసారిగా చూడవు. నేతగాడు మగ్గం మీద పోగు తరువాత పోగు నేసినట్టు, పై వరుసతో మొదలుపెట్టి ఒక్కొక్క వరుసే చదువుతూ కిందికి వస్తాయి. మామూలు వీడియోలో ఇటువంటి వరుసలు 1,080 ఉంటాయి. పై నుంచి కింది దాకా రావడానికి సెకనులో యాభయ్యో వంతు పడుతుందనుకుందాం. ఈలోగా సెకనుకు 100 సార్లు వచ్చే అదురు ఎన్నిసార్లు వస్తుంది? రెండుసార్లు. పై వరుస చదివేటప్పుడు కెమేరా ఇక్కడ, కాస్త కింద చదివేటప్పుడు అక్కడ, మళ్ళీ ఇక్కడ. అందుచేత నిటారుగా ఉన్న కరెంటు స్తంభం రెండు మెలికల పాములాగా వస్తుంది. తరువాతి బొమ్మలో ఆ మెలికలు చోటు మారతాయి. బొమ్మలు వరుసగా నడిస్తే మేడలూ, మిద్దెలూ జున్నుముక్కల్లాగా వణుకుతాయి. దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. అమ్మ రుబ్బుతున్నప్పుడు మిక్సీ పక్కన బల్లకు ఆనించి సెల్‌ఫోనుతో తలుపు అంచును వీడియో తీయండి.

కెమేరా ముందు నల్లని అద్దం బిగించి, ప్రతి వరుసా వెలుతురును కాస్త ఎక్కువసేపు పీల్చుకునేటట్టు చేస్తే ఈ వణుకు కొంత మరుగున పడుతుంది. కాని అది పగులు మీద సున్నం పూయడం వంటిది. ఇక కంప్యూటరులో తరువాత సరిచేసుకోవచ్చు గదా అనేవారున్నారు. ఊపును సరిచేయవచ్చు. అయితే బొమ్మను జరపడానికి అంచులు కత్తిరించవలసి వస్తుంది. రెండు మెలికలు తిరిగిన స్తంభాన్ని కంప్యూటరు చాలావరకు నిటారుగా చేయలేదు. చెడగొట్టి బాగుచేయడం కన్న చెడకుండా చూచుకోవడమే చవక.

మొదటి చికిత్స రెక్కలకే. మెకానిక్కులు ఒక సన్నని ఇరుసుకు రెక్కను గుచ్చి, అది ఎటు వాలుతుందో చూస్తారు. కిందికి వాలిన పక్క బరువెక్కువ. తేలిక పక్కన చిన్న టేపు ముక్క అంటిస్తారు. ఏ పక్కకూ వాలకుండా, ఎట్లా పెడితే అట్లా నిలిస్తే తూకం కుదిరినట్టు. చెక్కు ఊడిన రెక్కను మాత్రం బాగుచేయబోకూడదు; కొత్తది వేయాలి. అంచు చిట్లిన రెక్క గాలిలో విరిగితే డ్రోనే పోతుంది, కింద ఎవరి తల మీద పడుతుందో తెలియదు.

ఎంత తూకం వేసినా కొంత అదురు మిగిలే ఉంటుంది. అది కెమేరాకు చేరకుండా మధ్యలో కావలి పెట్టాలి. ఆ కావలి వాడు రబ్బరు. డ్రోన్ పొట్టకూ గింబల్‌కూ మధ్య నాలుగు చిన్న రబ్బరు బంతులుంటాయి. నీళ్ళబిందె నెత్తిన పెట్టుకునేవారు కింద గుడ్డ చుట్టకుదురు పెట్టుకుంటారు గదా, అటువంటివే ఇవి. కాని ఏ రబ్బరైనా పనికిరాదు. ఎందుకో ప్రయోగం చేసి తెలుసుకుందాం.

మూడు నాలుగు రబ్బరు బాండ్లు ఒకదానికొకటి ముడివేయండి. కింద తాళపుచెవుల గుత్తి కట్టండి. పై కొసను వేలితో పట్టుకుని, చేతిని నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించండి. గుత్తి చేతితో పాటే పైకీ కిందికీ పోతుంది. ఇప్పుడు కొంచెం జోరు పెంచండి. ఒకానొక వేగం దగ్గర గుత్తి పిచ్చెత్తినట్టు గంతులు వేస్తుంది. చెయ్యి బెత్తెడు కదిలితే అది మూరెడు ఎగురుతుంది. మొహానికి తగలకుండా చూచుకోండి! ఇంకా జోరు పెంచండి, చేతిని చిన్నగా, చకచకా ఆడించండి. ఏమయింది? చెయ్యి ఆడుతూనే ఉంది, గుత్తి దాదాపు నిలిచిపోయింది!

తప్పక చేసి చూడండి, ఎందుకంటే గింబల్ రబ్బరు విద్య అంతా ఇందులోనే ఉంది. ప్రతి రబ్బరుకూ, దానికి వేలాడే బరువుకూ కలిపి ఒక సొంత లయ ఉంటుంది. ఉయ్యాలకు ఉన్నట్టే. ఆ లయకు సరిగా తగిలే కదలికను రబ్బరు తగ్గించదు సరిగదా, పెంచుతుంది. దానికి సుమారు 1.4 రెట్లు దాటిన తరువాతనే తగ్గించడం మొదలుపెడుతుంది. రబ్బరు సొంత లయ సెకనుకు 20 అనుకుందాం. అదురు 100. అంటే 5 రెట్లు. 5ను 5తో గుణించి ఒకటి తీసివేస్తే 24. రబ్బరులో ఇంకే లోపమూ లేకపోతే అదురులో 24వ వంతే కెమేరాకు చేరుతుందన్నమాట.

గట్టి రబ్బరు వేస్తే దాని లయ పెరిగి అదురు లయకు దగ్గరవుతుంది. అప్పుడు కావలివాడే దొంగతో చేతులు కలుపుతాడు. మరీ మెత్తని రబ్బరు వేస్తే డ్రోన్ మలుపు తిరిగినప్పుడల్లా కెమేరా తడిక తలుపులాగా కొట్టుకుంటుంది. ఆ నెమ్మది లయలు గింబల్ మోటార్ల లయతో పెనుగులాడతాయి. అందుచేత కెమేరా బరువు మార్చిన వారు రబ్బరు కూడా మార్చుకోవలసి ఉంటుంది. ఎండకు ఎండి బిగిసిన రబ్బరు బంతి చూడటానికి బాగానే ఉన్నా, పనిలో రాయితో సమానం. నాలుగింటిలో ఒకటి పాడైతే నాలుగూ మార్చడమే మంచిది.

రబ్బరు బాగానే ఉన్నా బొమ్మ వణికే సందర్భం ఒకటుంది. కెమేరాకు పోయే తీగను ఎవరో చక్కగా, బిగువుగా లాగి కట్టి ఉంటారు. అదురుకు రబ్బరు గుండా పోవలసిన అవసరమేముంది? ఆ బిగిసిన తీగ దొడ్డిదారి! తీగను వదులుగా, చిన్న మెలిక ఇచ్చి వదిలితే సరి. దొరికేదాకా ఈ లోపం మహా విసిగిస్తుంది, దొరికిన తరువాత నవ్వొస్తుంది.

కెమేరాను గింబల్ మీద కూర్చోబెట్టడంలోనూ తూకం ఉంది. కరెంటు లేనప్పుడు కెమేరాను ఎటు తిప్పి వదిలినా అటే నిలవాలి. ముందుకు వాలిపోతే, ఎగిరినంతసేపూ మోటారు దాన్ని మోస్తూ ఉండాలి. బలమంతా మోతకే పోతే ఊపును సరిదిద్దడానికేం మిగులుతుంది? మోటారు వేడెక్కుతుంది కూడా. ఇక మోటారుకు అతి చురుకు నేర్పినా తప్పే. సైకిలు కొత్తగా నేర్చుకునే వాడు ఇటు వాలితే హాండిలు అటు మరీ తిప్పుతాడు, అటు వాలితే ఇటు. దానితో పాములాగా పోతాడు. గింబల్‌కు కూడా ఎంత తప్పుకు ఎంత దిద్దుబాటో అంకెల్లో చెప్పి పెడతారు. ఆ అంకె మరీ పెద్దదైతే గింబల్ తానే గజగజ వణుకుతుంది. అప్పుడు పంకాలు ఆపి ఉన్నా వణుకు పోదు.

ఊపు, అదురు అయినాయి. మిగిలింది కరెంటు గోల. బొమ్మ వణకడం లేదు గాని, దాని మీద అడ్డగీతలు పాకుతున్నాయి. ఇది వేరే జబ్బు. పాత టీవీ ఉన్న ఇంట్లో మిక్సీ వేస్తే తెర మీద చుక్కలూ గీతలూ వచ్చేవని మీ అమ్మానాన్నలను అడిగితే చెబుతారు. తీగలో కరెంటు పారితే దాని చుట్టూ అయస్కాంత శక్తి పుడుతుందని 1820లో డెన్మార్కు దేశపు ఓర్‌స్టెడ్ కనుగొన్నాడు. ఆ శక్తి మారుతూ ఉంటే పక్క తీగలో కరెంటు పుడుతుందని 1831లో ఇంగ్లండులో ఫారడే చూపాడు. డ్రోన్ మోటార్లకు కరెంటును సెకనుకు వేల సార్లు ఇచ్చి ఆపి ఇస్తుంటారు. ఆ తీగ పక్కనే బొమ్మను మోసే తీగ పోతే, ఫారడే చెప్పినది జరగక తప్పదు. మోటారు గోల బొమ్మలోకి దూరుతుంది. పాతరకం పరికరాల్లో గీతలుగా కనిపిస్తుంది. కొత్త డిజిటల్ రకంలో బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది, లేక ఉన్నట్టుండి నిలిచిపోతుంది.

దీనికి మందు టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ నాడే చెప్పాడు. 1881లో ఆయన రెండు తీగలను జడలాగా ఒకదానితో ఒకటి పెనవేసే పద్ధతికి హక్కు పొందాడు. పెనవేస్తే ఏమవుతుంది? ఒక మెలికలో బయటి గోల కరెంటును ఇటు తోస్తే, పక్క మెలికలో అటు తోస్తుంది. రెండూ కొట్టుకుని పోతాయి. రూపాయి ఖర్చు లేదు. గింబల్ మోటారు తీగలను పెనవేసి, బొమ్మ తీగకు దూరంగా పోనిచ్చి, రెండూ కలుసుకోక తప్పని చోట అడ్డంగా దాటిస్తే సగం జబ్బు కుదురుతుంది. బొమ్మ తీగకు రాగిరేకు తొడుగు వేస్తారు. కొన్ని చార్జరు తీగల మీద లావుపాటి పూస ఉంటుంది, చూచారా? అది ఫెర్రైటు. 1930లో జపానులో కాటో, టాకేయి అనే ఇద్దరు ఈ పదార్థాన్ని తయారుచేశారు. అది తీగలో కావలసిన కరెంటును పోనిచ్చి, చకచకా ఊగే గోలను ఆపివేస్తుంది.

గోల ఎప్పుడూ గాలిలోనే రాదు. కెమేరా, మోటారు ఒకే బ్యాటరీ నుంచి కరెంటు తాగుతుంటాయి. ఇంట్లో ఒకరు పెద్ద కుళాయి తిప్పితే మరొక కుళాయిలో ధార సన్నబడుతుంది గదా! మోటారు ఒక్కసారిగా గుటకేసినప్పుడల్లా కెమేరాకు కరెంటు తగ్గుతుంది. అందుకే కెపాసిటరు అనే చిన్న తొట్టి పెడతారు. అది నిండుగా ఉండి, ధార తగ్గిన క్షణంలో తాను ఇస్తుంది. కెమేరాకు విడిగా కరెంటు సర్దుబాటు పెట్టడం ఇంకా మేలు.

ఈ మూడింటిలో జబ్బు ఏదో పట్టడం ఎట్లా? మంచి మెకానిక్కు ముందు పంకాల రెక్కలన్నీ ఊడదీస్తాడు. రెక్కలుండగా బల్ల మీద మోటారు నడపడం వేళ్ళు పోగొట్టుకునే పని. అది పెద్దలు కూడా చేయకూడదు. రెక్కలు లేకుండా గింబల్ ఒక్కటే నడిపి చూస్తాడు. అప్పుడే వణికితే దిద్దుబాటు అంకెలదో, తూకానిదో తప్పు. పంకా మోటార్లు తిప్పగానే గీతలు వస్తే తీగల తప్పు. ఇంతవరకు బాగుండి, రెక్కలు బిగించి పైకి లేపినప్పుడే జున్నుముక్క కనిపిస్తే రెక్కలదో, రబ్బరుదో తప్పు. ఇంకొక కిటుకు కూడా ఉంది. డ్రోన్‌లోని చిన్న కార్డు మీద నిలిచిన బొమ్మను, కిందికి గాలిలో పంపిన బొమ్మను పక్కపక్కన పెట్టి చూస్తాడు. కార్డు మీద బాగుండి కిందికి వచ్చినది మాత్రమే చెడితే, కెమేరాను, గింబల్‌ను విప్పనక్కరలేదు. దారిలోనే ఏదో జరిగింది. రెంటిలోనూ వణికితే దారిని తప్పు పట్టి లాభం లేదు.

మన దేశంలో 2021 నాటి డ్రోన్ నియమాల ప్రకారం డ్రోన్ నడిపే సర్టిఫికెట్టుకు 18 ఏళ్ళు నిండి ఉండాలి. 250 గ్రాములు మించని చిట్టి వాటికి ఆ సర్టిఫికెట్టు అక్కరలేదు గాని, వాటి రెక్కలు కూడా కోస్తాయి. మీరు ప్రస్తుతానికి రబ్బరు బాండ్లూ, తాళపుచెవులూ చూచుకోండి.

ఈసారి మీ ఊళ్ళో పెళ్ళికి ఫోటోగ్రాఫరు డ్రోన్ పెట్టె విప్పినప్పుడు దగ్గర నిలబడి చూడండి; ముట్టుకోకండి. పొట్ట కింద నాలుగు రబ్బరు బంతులు కనిపిస్తాయి. కొన్నింటిలో మూడే ఉంటాయి. కెమేరాకు ఒక ప్లాస్టిక్ తొడుగు బిగించి ఉంటుంది. ప్రయాణంలో గింబల్ చేతులు విరగకుండా పెట్టినది అది. కరెంటు ఇచ్చే ముందు ఆయన దాన్ని తీస్తాడు. తీసిన మరుక్షణం కెమేరా తల వాల్చేస్తుంది. మీట నొక్కగానే మూడు మోటార్లూ మేలుకుని, అది అటూ ఇటూ ఒకసారి చూచి, తల నిటారుగా ఎత్తుతుంది. అప్పుడు ఆయన డ్రోన్‌ను చేత్తో కాస్త వంచి చూస్తాడు. ఒళ్ళు వంగుతుంది, కన్ను వంగదు. మీ ఇంటి కోడి గుర్తుకు వస్తుంది.